పైరవి చేసిన రూము

పోయిన వారం మనం జ్ఞానేశ్వర్‌ను మొయినాబాద్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గేటు దగ్గర వదిలిపెట్టాం. కూతురు సమతను హాస్టల్లో దింపి, స్కార్పియో ఎక్కి, గేటు దాటాక బండి ఆపి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ లోపలికి నడిచి ఒక్క చూపు చూసి వచ్చాడు. మరిచిపోయింది ఏమీ లేదని పక్క సీట్లో కూర్చున్న భార్య కవితకు తెలుసు. తెలిసినా ఆమె ఏమీ అనలేదు. ఆయన పక్కన ఏమీ అనకుండా కూర్చోవడం ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటే.

ఈ కథను ఈ వారమే చేతిలోకి తీసుకున్న వారికి ఒక సంగతి చెప్పాలి. ఆలూరు నుంచి లోపలికి పోతే వచ్చే ఎర్రకుంటపల్లికి సర్పంచ్ కవిత. సీటు ఆడవాళ్లకు వచ్చింది కాబట్టి ఆమెను నిలబెట్టారు, ఆమె గెలిచింది. కానీ ఊళ్లో గానీ, చేవెళ్ల మార్కెట్లో గానీ ‘సర్పంచ్ సాబ్’ అంటే జ్ఞానేశ్వరే. కుర్చీలో కూర్చునేది ఆయన, మైకు పట్టుకునేది ఆయన, దండలు పడేది ఆయన మెడలో. కవిత సంతకం పెడుతుంది, వచ్చినవాళ్లకు చాయ్ పోస్తుంది. ఇందులో వింత ఉందని ఊళ్లో ఎవరికీ తోచలేదు, ఎందుకంటే చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఇదే తంతు.

అలాగని జ్ఞానేశ్వర్ చెడ్డవాడా అంటే, ఛ, ఆ మాటంటే కళ్లు పోతాయి. ఊళ్లో ఎవరికి దవాఖానలో మంచం దొరక్కపోయినా, ఎవరి పింఛను ఆగిపోయినా ముందు పరిగెత్తేది ఆయనే. చామంతి తోటలో పూలు తెంపుతూ ఉన్నా సరే, చెయ్యి దులుపుకుని ఫోన్ తీస్తాడు. “అన్నా, మనోడే, జర చూడుండ్రి,” అంటాడు. పని అయిపోతుంది. దీన్నే పైరవి అంటారు. ఆ విద్యలో ఆయనను కొట్టేవాడు మండలంలో లేడు.

సోమవారం నాడు కూతురి కోసం కూడా ఆ విద్యే వాడాడు. సమతకు మూడో అంతస్తులో, ముక్కూ మొహం తెలియని ఇద్దరమ్మాయిలతో కలిపి రూం ఇచ్చారు. లిఫ్టు పెట్టే చోట ఇంకా చెక్కలు అడ్డం కొట్టి ఉన్నాయి. జ్ఞానేశ్వర్ మెట్ల వైపు ఒకసారి చూసి, పక్కకు వెళ్లి, తాను పెద్దన్న అని పిలిచే నాయకుడికి ఫోన్ కొట్టాడు. సమత బకెట్టూ మగ్గూ కొనుక్కుని వచ్చేసరికి వార్డెన్ మేడం ఎదురొచ్చి, కింది అంతస్తులో, తన గది పక్కనే ఉన్న రూం తాళం చేతిలో పెట్టింది. మీసం దువ్వుకోవడం ఒక్కటే తక్కువగా జ్ఞానేశ్వర్ బయటికి వచ్చాడు.

వస్తూ వస్తూ కూతురికి ఒక మాట చెప్పాడు. “వారం దినాలు చూస్త. శనివారం తల్లిదండ్రుల మీటింగున్నదంట గద, ఆ దినం వచ్చి నీ మొఖం చూస్త. జరంత బేజారు కనవడ్డా పెట్టె బండ్లేసి ఇంటికి తోల్కపోత. రోజూ కార్ల దింపుత, కార్ల తెస్త. నోట్ల నాలుక లేని పిల్లవు, ఈ మందిల ఎట్ల బతుకుతవ్?”

సమత తలూపింది. ఆ పిల్లకు హాస్టల్లో ఉండాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఊళ్లో ఏ గడప తొక్కినా జ్ఞానేశ్వర్ బిడ్డగానే బతికింది. నాలుగేళ్లు ఉత్త సమతగా బతికి చూడాలని ఆమె కోరిక. ఆ కోరిక తీరుతుందా లేదా అన్నది ఇప్పుడు శనివారం చేతిలో ఉంది.

ఆ వారం ఎలా గడిచిందో జ్ఞానేశ్వర్‌ను అడగాలి. రొట్టె ముందు కూర్చున్నా చూపు ఫోన్ మీదే, పంచాయతీ ఆఫీసులో కూర్చున్నా ఫోన్ మీదే. కాలేజీ వాళ్లు కొత్త పిల్లల తల్లిదండ్రులకు వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టారు. మొదటి రోజు పొద్దున్నే మనవాడు అందులో తన ఫొటోతో, రెండు చేతులూ జోడించి, వెనక పెద్దన్న బొమ్మతో ‘శుభోదయం’ పెట్టాడు. మధ్యాహ్నానికి సమత ఫోన్ చేసి, “బాపూ, అది జర తీసెయ్యవా? ఇక్కడ గట్ల పెట్టరు,” అంది. తీసేశాడు గానీ, నలుగురి ముందు చిన్నబోయినట్టు సాయంత్రం దాకా ముభావంగా ఉన్నాడు.

సాయంత్రం ఫోన్ మాట్లాడితే ఆ పిల్ల జవాబులు రెండే. “తిన్న బాపూ.” “మంచిగనే ఉన్న బాపూ.” ఇంతకు మించి మాట రాదు. వెనక నుంచి ఆడపిల్లల నవ్వులు, ఎవరో పిలిచే కేకలు వినిపించేవి. ఆయన ఆ నవ్వుల్లో కూతురి గొంతు వెతికేవాడు. దొరికేది కాదు.

“ఏడుస్తున్నదే అది,” అన్నాడు ఒకరోజు కవితతో. “గొంతుల తెలుస్తలేదా? చెప్పుకోనీకి భయపడుతున్నది.”

“ఏడుస్తలేదు,” అంది కవిత.

“నీకేం తెలుసు?”

కవిత గంప ఎత్తుకుని చామంతి తోట వైపు వెళ్లిపోయింది. నడుముకు చెక్కుకున్న ఆమె ఫోన్ ఆ వారం తరచుగా మోగుతోందని, మోగినప్పుడల్లా ఆమె తోటలోకి నడుస్తోందని జ్ఞానేశ్వర్ గమనించలేదు. తనకు వచ్చిన ఫోన్లు లెక్కపెట్టుకునే మనిషికి పక్కవాళ్ల ఫోన్లు వినిపించవు.

శనివారం వచ్చింది. కవిత గరిజెలు, సర్వపిండి చేసి డబ్బాలకెత్తింది. జ్ఞానేశ్వర్ ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, స్కార్పియో వెనక సీట్లు మడిచి చోటు చేశాడు. ఆ చోటు సమత పెట్టెకేనని కవితకు తెలుసు. ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకున్న ఆడవాళ్లు “సర్పంచ్ సాబ్, ఎక్కడికి?” అని కేకేస్తే ఆయన చెయ్యి ఊపాడు. చేవెళ్ల దాటి, రోడ్డు పనుల దుమ్ము మింగుతూ మొయినాబాద్ చేరేదాకా దారి పొడుగునా ఒకటే ఆలోచన. కూతురు ఎదురుగా వచ్చి, చూడగానే భోరున ఏడిస్తే ఏమని ఓదార్చాలి? మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటలు చెప్పాలని ఆయన మనసులో ఒక మూల ఆశ పడుతోంది. బిడ్డ ఇంట్లో లేకపోతే ఇల్లు ఇల్లుగా లేదు మరి.

కాలేజీ గేటు లోపల షామియానా వేసి ఉంది. తల్లిదండ్రులు కుప్పలుగా నిలబడి ఉన్నారు. ఎటు పోవాలో ఎవరికీ తెలియడం లేదు. ఆ గుంపు మధ్యలో ఒక అమ్మాయి, మెడలో నీలం ట్యాగు వేసుకుని, చెయ్యెత్తి గట్టిగా చెబుతోంది.

“హాస్టల్ పిల్లల అమ్మనాన్నలు ఇటు వైపు రాండ్రి. డే స్కాలర్ల వాళ్లు ముందుగాల్ల ఆడిటోరియంకు పోండ్రి. పెద్దమనుషులకు కుర్చీలు ఆ చెట్ల కింద ఏసినం, నిలవడకుండ్రి. మంచినీళ్లు ఇక్కడున్నయ్.”

గొంతు ఎక్కడో విన్నట్టుంది. అలా అధికారం లేకుండా ఆజ్ఞాపించడం, కేక వెయ్యకుండా వినిపించడం జ్ఞానేశ్వర్‌కు తెలిసిన ఎవరికీ చేతకాదు. ఎవరి పిల్లో గానీ గట్టి పిల్ల అనుకున్నాడు. ఆ పిల్ల ఇటు తిరిగింది. సమత.

జ్ఞానేశ్వర్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. వారం కిందట దింపిన పిల్లేనా? జుట్టు పైకి కట్టుకుంది. చేతులకు సుద్ద అంటుకుని ఉంది. మొహం ఎండకు కమిలింది, కానీ ఆ మొహంలో బేజారు భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు.

“బాపూ!” అని దూరం నుంచే చెయ్యి ఊపింది. “మీరు రూం కాడికి పోండ్రి. వీళ్లను కూసోబెట్టి వస్త!”

“అది మన సమతనా?” అన్నాడు.

“ఇంకెవరు?” అంది కవిత. నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరూ హాస్టల్ వైపు నడిచారు. జ్ఞానేశ్వర్ ఛాతీ ముందుకు వచ్చింది. పొద్దున సిద్ధం చేసుకున్న ఓదార్పు మాటలు పనికిరాకుండా పోయినందుకు కొంచెం వెలితి, కళ్లముందు చూసినదానికి చెప్పలేనంత గర్వం. ఎంతైనా మంచి రూం ఇప్పించడం వల్లే పిల్లకు ధైర్యం వచ్చిందని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ మంచి రూం తలుపు తీసే ఉంది. లోపల కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి ఎడమ కాలు చాపుకుని కూర్చుని ఉంది. మంచానికి చేతికర్ర ఆనించి ఉంది. ఆమె తండ్రి కాబోలు, సన్నటి మనిషి, బకెట్లో నీళ్లు పట్టుకొచ్చి మంచం దగ్గర పెడుతున్నాడు. చొక్కా మీద అక్కడక్కడా రంగు మరకలు. గోడకు సమత తెచ్చుకున్న కేలండర్ లేదు. సమత పెట్టె లేదు. సమత బొంత లేదు.

జ్ఞానేశ్వర్ లోపల సర్పంచ్ సాబ్ నిద్ర లేచాడు.

“ఎవరు మీరు? ఈ రూం మా బిడ్డది గద?”

ఆ మనిషి బకెట్ వదిలి నిటారుగా నిలబడ్డాడు. “నేను సాలోమోనునన్న. కొండకల్ మాది. మోకిల దిక్కు విల్లాలకు రంగులేస్త. ఇది మా బిడ్డ దీవెన.”

“నువ్వెవరైతేంది గానీ, ఈ రూం నేను దగ్గరుండి ఇప్పించుకున్న. ఎవరు మార్చిండ్రు? వార్డెన్ ఏడున్నది?” జేబులోంచి ఫోన్ బయటికి వచ్చింది. “నా బిడ్డను ఏడ పడేసిండ్రో సూడు. నోరు లేనిదని సైసుకుంటదనుకున్నరు!”

కవిత ఆయన మోచెయ్యి పట్టుకుంది. “జర ఆగు.”

“ఏమాగాలె?”

సాలోమోను మొహంలో రంగు పోయింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోన్, ఆ గొంతు, ఇవన్నీ ఆయనకు కొత్త కాదు. వంగి మంచం కింది పెట్టె బయటికి లాగాడు. దిండు, దుప్పటి చంకన పెట్టుకున్నాడు. “పంచాయితి ఒద్దన్నా. మేం పైకే పోతం. మొన్న కూడ పైకే ఎక్కిచ్చిన గద. బిడ్డా, లే. నా వీపు పట్టుకో.”

దీవెన లేవలేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల, మాట మెత్తగానే ఉంది. “నేను లేవ నాయినా. సమత రానియ్యి. రూం ఆమె ఇచ్చింది, ఆమె పొమ్మంటే పోత.” తర్వాత జ్ఞానేశ్వర్ వైపు తిరిగింది. “మీరు కూసోండ్రి అంకుల్. సమత మీ గురించి మస్తు చెప్పింది.”

కానీ జ్ఞానేశ్వర్ చెవిలో పడింది ఆ పిల్ల మాట కాదు. సాలోమోను మాట. ‘మొన్న కూడ పైకే ఎక్కిచ్చిన గద.’

సోమవారం మధ్యాహ్నం ఇదే వరండాలో, తాళం చేతికి వచ్చిన సంతోషంలో నిలబడి ఉండగా, ఒక మనిషి ఎదిగిన ఆడపిల్లను వీపు మీద మోసుకుంటూ మెట్ల వైపు వెళ్లడం ఆయన కళ్లారా చూశాడు. దారి ఇచ్చాడు. “జర పైలం అన్నా,” అని కూడా అన్నాడు. వాచ్‌మన్‌తో, “తండ్రి అంటే గట్లుండాలె,” అని మెచ్చుకున్నాడు. ఆ మనిషి ఇప్పుడు దిండు చంకన పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

అప్పుడే సమత పరిగెత్తుకుంటూ వచ్చింది. రూంలో నిలబడ్డ తీరు చూడగానే జరిగిందేమిటో అర్థమైంది. ముందు సాలోమోను చేతిలోని పెట్టె తీసుకుని మంచం కింద పెట్టింది. ఆ తర్వాత తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది.

“బాపూ, ఈ రూం నాది కాకుండె. మొదలే దీవెనకు ఇచ్చిండ్రు. ఎండకాలంల ఆమెను బస్సు గుద్దింది, కాల్ల రాడ్ ఉన్నది. కట్టుతోనే పోయి ఎంట్రెన్స్ రాసి నాకంటె మంచి ర్యాంకు తెచ్చుకున్నది. మెట్లెక్కలేదని కింద రూం పెట్టిండ్రు. నువ్వు ఫోన్ చేసినంక ఆమెను తీసి పైనేసి, నన్ను ఈడ పెట్టిండ్రు.”

“నాకేం తెలుసు బిడ్డా? నేను రూం ఇయ్యుండ్రి అన్న గానీ, ఒకరిని తీసి ఇయ్యుండ్రి అన్ననా?”

“అనలే. కానీ అడగలే గద బాపూ, ఎవరిది తీసి ఇస్తున్నరని.”

జ్ఞానేశ్వర్ చేతిలోని ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ఎన్నో మంచాలు, ఎన్నో సీట్లు ఇప్పించాడు. ఇప్పించిన ప్రతిసారీ ఎవరో ఒకరు చేతులెత్తి దండం పెట్టారు. అటు వైపు ఎవరు లేచి పోవాల్సి వచ్చిందో ఆయన ఒక్కనాడూ చూడలేదు. చూపించిన వాళ్లూ లేరు. ఇవ్వాళ చూపించింది నోట్లో నాలుక లేదని తాను బెంగపడిన కూతురు.

ఆయన ముందుకు నడిచి సాలోమోను చంకలోంచి దిండు, దుప్పటి తీసుకున్నాడు. మంచం చివర దుప్పటి పరిచి, దిండు సర్ది, చేత్తో ఒకసారి తట్టాడు. ఇంట్లో ఏనాడూ పక్క పరిచి ఎరుగడు గనుక అది వంకర వచ్చింది.

“తప్పయింది సాలోమోనన్నా,” అన్నాడు. “నీ బిడ్డను నువ్వు మోసుకపోతుంటే పక్కన నిలవడి చూసిన. నా మూలంగనే మోస్తున్నవని తెల్వలే.”

“అయ్యో, గట్లనకు అన్నా,” అన్నాడు సాలోమోను. “మీ బిడ్డ ఆ దినమే మళ్ల కిందికి తెచ్చింది గద. ఒక్కసారే ఎక్కిన, ఒక్కసారే దిగిన. దించేటప్పుడు తను కూడ పట్టింది.” అప్పుడు గానీ ఆయన మొహానికి మళ్లీ రంగు రాలేదు.

కొంచెం తేరుకున్నాక జ్ఞానేశ్వర్‌లోని పైరవికారుడికి ఒక అనుమానం వచ్చింది. అలవాటైన బుర్ర మరి. “అవు గానీ, పెద్దన్న ఫోన్ మీద ఇచ్చిన రూం నీ మాట మీద ఎట్ల మార్చిండ్రు బిడ్డా?”

సమత తల్లి వైపు చూసింది. తల్లి కిటికీ వైపు చూసింది.

“నేను పోయి అడిగితే వార్డెన్ మేడం ఒప్పుకోలే,” అంది సమత. “పై నుంచి ఫోన్ వచ్చిన రూం, మళ్ల పై నుంచే చెప్పాలె అన్నది. మస్తుసార్లు పోయిన, గదే మాట. నీకు చేద్దామనుకున్న బాపూ. కానీ నువ్వేమంటవో నాకెరుకే. మనకు దొరికింది గద, వాళ్లది కాలేజీ చూసుకుంటది అంటవ్. గందుకే అమ్మకు చేసిన.”

“అమ్మకా? అమ్మేం చేస్తది?”

“అమ్మ సర్పంచ్ గద.”

దీవెన నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. ఆమెకు ఈ ముచ్చట అంతా తెలుసు.

“చెప్పమ్మా,” అంది సమత. “నువ్వేమన్నవో చెప్పు.”

“ఇప్పుడెందుకే అది,” అంది కవిత. కానీ చెప్పింది. చామంతి సాళ్ల మధ్య నిలబడి వార్డెన్‌కు ఫోన్ చేసిందట. ఎర్రకుంటపల్లి సర్పంచ్‌ను మాట్లాడుతున్న అంటే అవతల ఆమె నవ్విందట. “సర్పంచ్ మగాయన గద, మధ్యాహ్నం వచ్చిపోయిండు అన్నది. ఆయన సర్పంచ్ మొగుడమ్మా, ఓట్లు నాకు పడ్డయ్ అన్న. పైనుంచి చెప్పాల్నంటున్నవంట గద, ఆ ఫోన్ చేపిచ్చింది మా ఆయనే, దాన్ని నేను వాపసు తీసుకుంటున్న, ఆ పిల్ల రూం ఆ పిల్లకియ్యి అన్న. ఇయ్యకపోతే పొద్దుగాల్ల నేనే వచ్చి మెట్ల మీద కూసుంట అన్న. ఇచ్చింది.”

చెప్పి, పెద్ద పని చేసినట్టు కాకుండా, గరిజెల డబ్బా మూత తీసి దీవెన చేతిలో ఒకటి పెట్టింది.

‘ఆయన సర్పంచ్ మొగుడు. ఓట్లు నాకు పడ్డయ్.’ జ్ఞానేశ్వర్ ఆ మాటను మనసులో మళ్లీ అనుకున్నాడు. కోపం రావాలి. నలుగురిలో పరువు పోయినట్టు అనిపించాలి. కొంచెం అనిపించింది కూడా, అబద్ధమెందుకు. కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఇంత సూటిగా, ఇంత తక్కువ మాటల్లో, ఒక్కరి కాళ్లూ పట్టుకోకుండా పని చేయించడం తనకు ఈ జన్మలో రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోట ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు. వినలేదా, విననియ్యలేదా? మైకు ఎప్పుడూ తన చేతిలోనే ఉండె మరి.

“పా బాపూ, నా రూం చూద్దువు,” అంది సమత.

మూడు అంతస్తులూ ఎక్కేసరికి జ్ఞానేశ్వర్‌కు ఆయాసం వచ్చింది. మధ్యలో గోడ పట్టుకుని ఆగాడు. సాలోమోను ఈ మెట్లే ఎదిగిన పిల్లను వీపున వేసుకుని ఎక్కాడు. ఆ ఆలోచన రాగానే గోడ వదిలి మిగతా మెట్లు ఎక్కాడు.

పైన రూం చిన్నది. మూడు మంచాలు, మధ్యలో ఒక మనిషి అడ్డంగా నడిచేంత చోటు. అమ్మాయిలిద్దరూ మీటింగుకు వెళ్లారు. సమత మంచం మీద బొంత మడత పెట్టి ఉంది. తలుపు వెనక సుద్దతో ఏదో గీసి ఉంది. నీళ్ల బిందె ఏ రోజు ఎవరు నింపాలో, చీపురు ఎవరు పట్టాలో, బట్టల తీగ ఎవరిది ఎప్పుడో మూడు పేర్లతో గీత గీసి రాసుకున్నారు.

“మొదటి దినమే ముగ్గురం కొట్లాడుకున్నం బాపూ,” అంది సమత నవ్వుతూ. “నీళ్ల కాడ. ఒకామె ఏడ్చింది, ఒకామె అలిగి పండుకున్నది. నాకు మన పంచాయితి యాదికొచ్చింది. నడుమ కూసోని మాట్లాడిచ్చిన. ఇప్పుడు కొట్లాట లేదు.”

కిటికీలోంచి చూస్తే దూరంగా తోటలు, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య రోడ్డు కనిపిస్తున్నాయి. గాలి బాగా వస్తోంది. కింద రూంలో ఈ గాలి లేదు. జ్ఞానేశ్వర్ కూతురి మంచం మీద కూర్చుని చుట్టూ చూశాడు. తాను పైరవి చేసి ఇప్పించింది ఒక రూం. ఆ పిల్ల తనంతట తాను సంపాదించుకున్నది ఇది. ఇందులో తన చెయ్యి ఎక్కడా లేదు. అందుకే ఇది ఇంత బాగుందేమోనని అనిపించి కళ్లు చెమ్మగిల్లాయి. తెల్ల చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు.

“ఏంది బాపూ, నువ్వేడుస్తున్నవా?”

“ఏడుస్తలేను. మెట్లెక్కిన గద, చెమట.”

సమత ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇప్పటిదాకా ఎంతో ధైర్యంగా ఉన్న మొహంలో మొదటిసారి భయం కనిపించింది. “అయితే చెప్పు. చూసిపోత అన్నవ్, చూసినవ్. పెట్టె సర్దుకోవాల్నా, ఉండాల్నా?”

జ్ఞానేశ్వర్ కూతురి తల మీద చెయ్యి వేశాడు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. తలుపు దగ్గర నిలబడి ఉన్న భార్యను చూపించాడు.

“నన్నెందుకు అడుగుతవ్ బిడ్డా? సర్పంచ్ అక్కడున్నది. ఆమెను అడుగు.”

తనను సర్పంచ్ అనడం ఆయన నోట కవిత వినడం అదే మొదటిసారి. గడప దాటి లోపలికి వచ్చి ఎదురు మంచం మీద కూర్చుంది.

“సమత ఈడనే ఉంటది,” అంది. “చదువు అయిపోయేదాక ఉంటది.”

సమత లేచి తల్లిని చుట్టుకుంది. కవిత కూతురి వీపు నిమురుతూనే భర్త వైపు చూసింది. “సర్పంచ్ అని నువ్వే అంటివి. ఇగ అన్న మాట మీద నిలవడు. సోమవారం మన ఊర్ల గ్రామసభ ఉన్నది. ఆ కుర్చీల నేను కూసుంట. మైకు నేను పట్టుకుంట.”

జ్ఞానేశ్వర్ మొహంలో వెలుగు చప్పున తగ్గింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు.

“కవితా,” అన్నాడు. “పెద్దన్న ఆ రూం ఊకెనే ఇప్పియ్యలే.”

కవిత చెయ్యి కూతురి వీపు మీద ఆగిపోయింది. “మరి?”

“మన ఊరి బీడు నడుమ నుంచి ఆయన వెంచర్‌కు రోడ్డు కావాలంట. సోమవారం సభల తీర్మానం పెడుతరు. దానికి సర్పంచ్ చెయ్యి లేపుతదని మాటిచ్చిన. నీ పేరు మీదనే ఇచ్చిన.”

సమత తల్లిని వదిలి తండ్రి వైపు తిరిగింది. ఊరి గొర్లు, బర్లు మేసేది ఆ బీడు మీదే. అది రోడ్డయితే మిగిలేదేమిటో ముగ్గురికీ తెలుసు. పెద్దన్నకు ఇచ్చిన మాట తప్పితే ఇక మీద జ్ఞానేశ్వర్ ఫోన్‌కు ఏ పనీ కాదని కూడా ముగ్గురికీ తెలుసు.

కవిత అరవలేదు, ఏడవలేదు. కొంగు నడుముకు చెక్కుకుని లేచి నిలబడింది. ఆమె అలా లేవడం చూసి, భయపడాల్సిన చోట జ్ఞానేశ్వర్‌కు ఎందుకో గుండె నిండుగా అనిపించింది.

“మాట నీది, ఇచ్చుకున్నవ్,” అంది. “చెయ్యి నాది. లేస్తదో లేవదో సోమవారం ఊరందరితోని నువ్వు కూడ కింద కూసోని చూడు.”